ఏ బండిది ఆ బండికే

పంపకాలనాడు ఆ మాట అన్నది మా ఆయనే. "ఏ బండికి ఏముంటే అది ఆ బండిదే. విప్పడాలూ మార్చడాలూ లేవు," అని కాగితం మీద కూడా రాయించారు. అప్పటికి నెల కిందటే మా బండికి నాలుగు కొత్త టైర్లు వేయించాం. వాటిలో రెండు తన తమ్ముడు అడుగుతాడేమోనని ఆయన భయం. తమ్ముడు అడగలేదు. కాగితం రెండుసార్లు చదివి, ఒకసారి నా వైపు చూసి, సంతకం పెట్టాడు. ఆ చూపు నాకు అర్థం కావడానికి ఎనిమిది నెలలు పట్టింది.

ఇంట్లో రెండు పికప్పు బండ్లుండేవి. ఒకే కంపెనీవి, ఒకే రంగువి. మాది పాతది, మరిదిది రెండేళ్ళు తక్కువ పాతది. అన్నదమ్ములు కలిసి లాండ్రీ నడిపిన పదిహేనేళ్ళూ ఆ బండి సామాను ఈ బండికీ, ఈ బండి సామాను ఆ బండికీ మారుతూనే ఉండేది. ఒకదానికి అద్దం పగిలితే రెండోదాని అద్దం, ఒకదానికి బ్యాటరీ చచ్చిపోతే రెండోదాని బ్యాటరీ. కొండమీది ఆస్పత్రికి ఏ బండి వెళ్తుంటే మంచి సామానంతా దానికి. హ్యాండ్‌బ్రేకు మాత్రం రెండింటికీ లేదు. అది పోయి ఎన్నేళ్ళయిందో కూడా ఎవరికీ గుర్తు లేదు. బండి ఆపగానే ఫస్టు గేరులో వేసి దిగిపోవడం మా ఇంటి అలవాటు. గేరులో ఉన్న బండి కదలదు కదా అనేవారు.

ఆ బండ్లకు పెద్ద గేరు పక్కన చిన్న గేరు ఒకటుంటుంది. దాన్ని పూర్తిగా ముందుకు తోస్తే వెనక చక్రాలు రెండే లాగుతాయి. ఒక మెట్టు వెనక్కి లాగితే నాలుగూ లాగుతాయి. మూడో మెట్టు న్యూట్రల్. అక్కడ ఇంజనుకూ చక్రాలకూ పూర్తిగా సంబంధం తెగిపోతుంది. చివరి మెట్టు పేరు 'లో'. అందులో బండి మనిషి నడక నడుస్తుంది గానీ దేన్నయినా లాక్కుపోతుంది. ఆస్పత్రికి వెళ్ళే దారిలో చివరి అరకిలోమీటరు ఎర్రమట్టి. వానాకాలంలో 'లో' లేకుండా ఏ బండీ ఆ మట్టి ఎక్కదు.

కిందటి వానాకాలంలో, పంపకాల మాట ఇంకా ఎవరి నోటా రాని రోజుల్లో, మరిది బండి చిన్న గేరు విరిగింది. అప్పుడు కొండెక్కేది ఆ బండే. మా బండి ఊళ్ళో హోటళ్ళకు తిరిగేది. మా ఆయనే కింద పడుకుని మా బండి చిన్న గేరు, దాని పట్టీ, కింది కడ్డీ మొత్తం విప్పి తమ్ముడి బండికి బిగించారు. టార్చి పట్టుకున్నది నేను. మా బండిలో మిగిలిన కంతలో పాత రగ్గు ముక్క కుక్కి, బండి కింద ఉండే చిన్న గేరు పెట్టెను రెండు చక్రాల మెట్టు దగ్గర తీగతో కట్టేశారు. "వానలు తగ్గాక తిరిగి బిగిద్దాంలే," అన్నారు. వానలు తగ్గేసరికి అన్నదమ్ముల మధ్య మాటలు తగ్గిపోయాయి.

పంపకాల్లో బట్టలుతికే పెద్ద డ్రమ్మూ ఆస్పత్రి పనీ మాకు వచ్చాయి. చిన్న డ్రమ్మూ హోటళ్ళూ వాళ్ళకు పోయాయి. మట్టి దారి మాకు వచ్చింది, మట్టి ఎక్కే గేరు వాళ్ళకు పోయింది. ఎండలున్నంత కాలం ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

వానలు మొదలైన పదిహేను రోజుల్లో రెండుసార్లు మట్టిలో దిగబడ్డాం. రెండోసారి దుప్పట్ల మూటలు మోసుకుని పైకి చేర్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఆస్పత్రిలో దుప్పట్లూ గౌన్లూ చూసుకునే స్టోరు మేడమ్ గట్టిగా మాట్లాడే మనిషి కాదు. రిజిస్టరులోంచి తల ఎత్తకుండానే అంది: "ఇవాళ ఆపరేషన్లు రెండు ఆపారు. మూడోసారి నేను చెప్పను. ఇంకొకళ్ళు వచ్చి మూటలు తీసుకెళ్తారు, అంతే."

ఇంకొకళ్ళకు పోతే మాకు మిగిలేది పెద్ద డ్రమ్ము. దాన్లో వేయడానికి బట్టలుండవు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

ఇంటికొచ్చాక చేతులు కడుక్కుంటుంటే అన్నాను. "మన గేరు మీ తమ్ముడి బండికే ఉంది. వాళ్ళకు దానితో పని లేదు. ఒక్క మాట అడిగితే పోయేదేముంది?"

"నేను అడగను."

"నన్ను అడగమంటారా?"

"నువ్వడిగినా నేనడిగినట్టే."

"అయితే కొండ ఎట్లా ఎక్కుతాం?"

"అది నేను చూసుకుంటాను. నువ్వు సబ్బు సంగతి చూడు."

మర్నాడు నేను కూరలకని సంచి పట్టుకుని బయలుదేరి, తోడికోడలి ఇంటికి వెళ్ళాను. రెండు వీధులవతల రేకుల షెడ్డు ఒకటి అద్దెకు తీసుకున్నారు వాళ్ళు. చిన్న డ్రమ్ము తిరుగుతోంది. ఆమె హోటల్ వాళ్ళ న్యాప్‌కిన్లు మడత పెడుతోంది. నన్ను చూసి లేవలేదుగానీ, ఒక స్టూలు కాలితో నా వైపు జరిపింది.

"దారి తప్పావా అక్కా?"

"తప్పలేదు. దారి వెతుక్కుంటూ వచ్చాను."

ఆమె నవ్వింది. ఆమెకూ నాకూ ఎప్పుడూ గొడవ లేదు. గొడవ వాళ్ళది. మేము మాట్లాడుకోకపోవడం వాళ్ళ గొడవకు మేము చేస్తున్న చాకిరీ.

గేరు సంగతి చెప్పాను. స్టోరు మేడమ్ మాట కూడా దాచలేదు. ఆమె న్యాప్‌కిన్ ఒకటి మడిచి, దొంతర మీద పెట్టి, అరచేత్తో అదిమి, లేచింది. బల్ల కింది నుంచి ఒక గోనెసంచి లాగింది. లోపల నూనె గుడ్డలో చుట్టి మా చిన్న గేరు, పట్టీ, కడ్డీ.

"ఇది బండికి లేదా?" అన్నాను.

"విప్పేసి ఏడు నెలలైంది. మాకెందుకక్కా ఇది, మేము తిరిగేది తారు రోడ్డు మీద. ఆదివారం ఆదివారం తీసి నూనె రాస్తాడు. నా మోకాళ్ళకు రాయమంటే మాత్రం తీరిక ఉండదు."

"అన్నయ్య కోసమే విప్పాడన్నమాట."

"అన్నయ్య వస్తాడని విప్పాడు. వచ్చి అడుగుతాడని. టైర్ల కోసం రాయించిన మాట తన నోటితోనే వెనక్కి తీసుకుంటాడని." ఆమె సంచి మూతి మళ్ళీ కట్టింది. "నేనిప్పుడు ఇచ్చేస్తే ఏమవుతుందో నీకు తెలుసు. నీ ఇంట్లో నువ్వు పడే మాటలు నువ్వు పడతావు, నా ఇంట్లో నేను పడతాను. మీ ఆయన్ని ఒక్కసారి గుమ్మం దాకా రమ్మను. లోపలికి కూడా రానక్కర్లేదు. బయట నిలబడి దగ్గినా మా ఆయన తెచ్చిచ్చేస్తాడు."

"ఆయనకు దగ్గు కూడా రాదు," అన్నాను.

ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వాక ఆమె సంచిని బల్ల కిందికి తోసేసింది. నేను లేచాను. వచ్చేదారిలో కూరలు కొనడం మరిచిపోయాను.

నేనొచ్చేసరికి మా ఆయన పాత సామాన్ల షాపు నుంచి ఇంకో గేరు తెచ్చారు. ఆ షాపాయనకు మేమంతా పెట్టిన పేరు 'సరిపోతుంది'. ఏ బండికి ఏది అడిగినా ఆయన చెప్పేది ఆ ఒక్క మాటే. లారీ హారను మోపెడ్‌కు సరిపోతుందని ఇచ్చిన మనిషి.

"మన బండిదేనా?" అన్నాను.

"మన కంపెనీదే. ఆరేళ్ళ తర్వాత వచ్చిన బండిది. సరిపోతుంది."

"ఎవరన్నారు? ఆయనేనా?"

ఆయన పానాలు పట్టుకుని బండి కిందికి వెళ్ళారు. నేను టార్చి పట్టుకుని పక్కన చాప వేసుకుని పడుకున్నాను. తీగ విప్పారు. పట్టీ పెట్టి చూశారు. మాకు బోల్టు కంతలు నాలుగు, దానికి మూడు. ఆ మూడింటిలో రెండే కలిశాయి. మూడోదానికి డ్రిల్లుతో కొత్త కంత వేశారు. ఇనుప రజను నా జుట్టులో పడింది. కడ్డీ రెండు వేళ్ళు పొట్టి. దాన్ని మధ్యకు కోసి, కిటికీ ఊచ ముక్క ఒకటి పెట్టి వెల్డింగు చేయించుకొచ్చారు. అది బిగిస్తే సైలెన్సరు పైపుకు తగిలింది. మళ్ళీ విప్పి, వైసులో పెట్టి వంచి, బిగించారు.

మధ్యాహ్నం మూడింటికి గేరు నిలబడింది. పై నుంచి చూస్తే పుట్టినప్పటి నుంచీ అక్కడే ఉన్నట్టుంది. నేను కింద పడుకునే ఉన్నాను. ఆయన పైన కూర్చుని లాగుతుంటే కింద ఏం జరుగుతోందో చూశాను. పైన పిడి జానెడు కదులుతోంది. కింద కడ్డీ కదలాల్సినంత కదలడం లేదు. పాతదానికి జానెడుకు నాలుగు వేళ్ళు కదిలేది. దీనికి రెండున్నర.

"కింద తక్కువ కదులుతోంది," అన్నాను. "అన్ని మెట్లూ అందవు."

"'లో' అందుతోందా?"

"'లో' అందుతోంది."

"మనకు కావలసింది అదే కదా. కొండెక్కేది 'లో'లోనే."

"మరి ముందుకు తోస్తే ఎక్కడ ఆగుతోంది? నాలుగు చక్రాల మెట్టు దాకా వస్తోందా?"

ఆయన ఏదో తోసిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత తన్నిన చప్పుడు. మడమతో రెండుసార్లు తన్నారు. కింద పెట్టె టక్కున పట్టుకుంది.

"వస్తోంది," అన్నారు.

"తంతే వస్తోంది."

"కొత్తది కదా, బిగుతు. రెండ్రోజులు తిరిగితే దానంతటదే లొంగుతుంది. బట్టలు ఉతకడం నీకు తెలుసు, ఇది నాకు తెలుసు. టార్చి ఆర్పు, బ్యాటరీ అయిపోతోంది."

నేను టార్చి ఆర్పాను.

గురువారం ఉదయం వాన వెలిసింది. ఇరవై రెండు మూటలతో బయలుదేరాం. మట్టి మొదలయ్యే చోట ఎప్పటిలాగే ఆయన దిగి, చక్రాల కింద వేయడానికి రెండు చెక్కలు పట్టుకుని వెనక నడిచారు. నేను స్టీరింగు పట్టాను. ఆ అరకిలోమీటరు ఎప్పుడూ నాదే. బరువైన చేతికి అది లొంగదు, మెల్లగా బుజ్జగించాలి. పదిహేనేళ్ళుగా నేనే ఎక్కిస్తున్నాను. ఒక్క గీత పడలేదు బండికి. చిన్న గేరు 'లో'లో వేశాను. బండి మూలుగుతూ ఎక్కింది. ఒక్క చోట కూడా చెక్క వేయాల్సిన పని పడలేదు. అద్దంలో చూస్తే ఆయన ముఖం వెలిగిపోతోంది. ఆ క్షణంలో నాక్కూడా అనిపించింది, ఎవరినీ అడగకుండానే గడిచిపోయిందని.

స్టోరు గుమ్మం ముందు సిమెంటు నేల కాస్త వాలుగా ఉంటుంది. పైకి చేరగానే చిన్న గేరు 'లో' నుంచి తీసెయ్యాలి, లేకపోతే లోపల ఇరుక్కుపోతుంది. అది కూడా మా ఆయన నేర్పిందే. అరచేత్తో ముందుకు తోశాను. కదలడం ఆగేదాకా తోశాను. ఇంజను ఆపాను. పెద్ద గేరు ఫస్టులో వేశాను. దిగాను. వెనక చక్రం నీళ్ళు పోయే సన్నటి గాడి అంచుకు ఆనుకుని ఉన్నట్టుంది, బండి కదల్లేదు.

తొమ్మిది మూటలు దింపాం. పదోది ఆయన గట్టిగా లాగారు. ఆ కుదుపుకు చక్రం గాడి దాటింది. ఏ చప్పుడూ లేకుండా బండి వెనక్కి నడవడం మొదలుపెట్టింది. ఇంజను ఆగిపోయిన బండి అంత మర్యాదగా వెళ్ళిపోతుందని నాకు తెలియదు. ఆయన పక్కకు తప్పుకుని వెనక తలుపు పట్టుకుని ఆపబోయారు, చెయ్యి జారింది. కింద వరండా పక్కన ఆయా ఒకామె చక్రాల మంచం తోసుకొస్తోంది. మంచం మీద ఎవరూ లేరు. ఆమె మంచం వదిలేసి గోడకు అతుక్కుపోయింది. బండి మంచాన్ని గోడకేసి నొక్కి, దాన్ని మడిచేసి ఆగింది. ఉతికిన మూటలు పదమూడు బురదలో పడ్డాయి.

ఆయాకు ఏమీ కాలేదు. గోడకు అతుక్కున్నది చాలాసేపు అలాగే ఉండిపోయింది. నేను వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుని గోడ నుంచి ఇవతలికి తెచ్చాను.

స్టోరు మేడమ్ బయటికొచ్చింది. మంచాన్ని చూసింది, మూటల్ని చూసింది. "ఏమైంది?" అంది.

నేను బండి తలుపు తీసి చూశాను. పెద్ద గేరు ఫస్టులోనే ఉంది, నేను వేసిన చోటే. చిన్న గేరు పిడి ముందుకే ఉంది, నేను తోసిన చోటే. కానీ కింద పెట్టె న్యూట్రల్ దాటి రాలేదు. చక్రాలకు ఇంజనుతో సంబంధం లేనప్పుడు ఏ గేరు వేస్తే ఏం లాభం? మడమతో తన్ని ఉంటే పట్టుకునేది. దానంతటదే లొంగుతుందన్నారు కదా అని నేను అరచేత్తోనే తోశాను. వెనక్కి తిరిగి చెప్పబోయాను.

మా ఆయన అప్పటికే మేడమ్ ముందు నిలబడి ఉన్నారు.

"మా ఆవిడ గేరులో పెట్టడం మరిచిపోయిందండి," అన్నారు.

నా చెయ్యి ఇంకా తలుపు మీదే ఉంది. ఆయన నా వైపు చూడలేదు. నేల మీద ఉన్న మూటల వైపు చూస్తూ, "ఎప్పుడూ ఇట్లా కాలేదు. బండిలో లోపమేమీ లేదండి. నిన్ననే అంతా చూసుకున్నాను," అని కూడా అన్నారు.

మేడమ్ నన్ను చూసింది. "అంతేనా అమ్మా?"

నేను ఏమని చెప్పాలి? బండి సరిగా లేదని చెప్తే ఆ బండి మళ్ళీ ఆ గేటు లోపలికి రాదు. ఆస్పత్రి పోతుంది. ఆయన అబద్ధమాడారని చెప్పినా అదే జరుగుతుంది. ఆయన లెక్కంతా వేసుకునే మాట్లాడారు. నేనేం చెప్తానో కూడా ఆ లెక్కలో ఉంది.

"అవునండీ," అన్నాను. "మరిచిపోయాను."

ఆయా నా వైపు తిరిగి చూసింది. ఇందాక నేను పట్టుకున్న చెయ్యి గుర్తొచ్చినట్టు, దాన్ని కొంగుకు తుడుచుకుంది.

మేడమ్ వేలితో బురదలోని మూటలు లెక్కపెట్టింది. ఈ మూటలు సాయంత్రానికి మళ్ళీ ఉతికి తేవాలంది. మంచం బాగు చేయించాలంది. "ఇక మీదట ఆవిడ బండి పైకి తేకూడదు. గేటు దగ్గర రాయిస్తాను. మీరే నడపండి," అని మా ఆయనతో చెప్పి లోపలికి వెళ్ళిపోయింది.

పని నిలబడింది. దిగేటప్పుడు ఆయన నడిపారు. మడమతో తన్ని గేరు పట్టించాకే బండి తీశారు. సగం దారిలో, "పని పోలేదు, అది చూడు," అన్నారు. నేను బురద దుప్పట్ల మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

ఆదివారం నాటికి ఊరంతా తెలిసింది. సబ్బులు వేసే అతను, "అమ్మా, గేరు సంగతి మరిచిపోకండి," అని నవ్వి వెళ్ళాడు. పక్కింటావిడ, "వయసు వస్తోంది కదా, నాకూ మరుపే," అని ఓదార్చింది.

మధ్యాహ్నం గుమ్మంలో దగ్గు వినిపించింది. మరిది. చేతిలో గోనెసంచి. ఎనిమిది నెలల తర్వాత మా గడప తొక్కాడు.

"వదిన ఎంత పని చేసిందట అన్నయ్యా," అన్నాడు.

మా ఆయన ముఖం ఒక్కసారి తేలికపడింది. "ఏం చెప్పమంటావురా. పదిహేనేళ్ళ చెయ్యి. ఇంజను ఆపి గేరు వేయకుండా దిగిపోయింది."

"ఎవరైనా పోయుంటేనో?"

"అదే కదా. నా ప్రాణం గొంతులోకొచ్చింది."

"పోనీలే. మనుషులకేం కాలేదు." మరిది సంచి బల్ల మీద పెట్టాడు. "ఇది మా ఇంట్లో అడ్డంగా ఉంది. నీ బండికి పెట్టుకో."

అన్నయ్య ఏమీ అడగలేదు. తమ్ముడు ఏమీ అడిగించుకోలేదు. ఇద్దరూ చెప్పులు విడిచి బండి కిందికి దూరారు. నాలుగు కాళ్ళు బయటికి కనిపిస్తున్నాయి. టార్చి పట్టమని నన్ను పిలవలేదు. ఒకరు పానా అడిగితే ఒకరు అందిస్తున్నారు. కాసేపటికి మాటలు, మరి కాసేపటికి నవ్వులు. చిన్నప్పుడు ఎవరో మేష్టారి సైకిలు గొలుసు దాచిన కథ ఒకటి. నేను పెళ్ళయిన కొత్తలో విన్న కథే.

మరిది మొదట ఆ వెల్డింగు కడ్డీ విప్పి ఉంటాడు. నవ్వులు ఒకచోట ఆగాయి. నేను డ్రమ్ములోంచి దుప్పట్లు తీస్తున్నదాన్ని ఆగి విన్నాను. పానా తిరిగిన చప్పుడు. ఇంకోసారి తిరిగిన చప్పుడు. ఆ తర్వాత కథ మళ్ళీ మొదలైంది.

సాయంత్రానికి పని అయ్యింది. మరిది బయటికొచ్చి, నేనిచ్చిన గుడ్డకు చేతులు తుడుచుకుని, టీ గ్లాసు అందుకున్నాడు. మా ఆయన బండిలో కూర్చుని చిన్న గేరు ముందుకూ వెనక్కూ వేసి చూసుకుంటున్నారు. ఒక్కో మెట్టు టక్కు టక్కున పడుతోంది.

"వదినా, ఇక నుంచైనా గేరులో పెట్టడం మరిచిపోకు," అన్నాడు మరిది.

"కింద అంతా చూశావు కదా," అన్నాను.

"చూశాను."

"ఏం కనిపించింది?"

అతను గ్లాసులోకి చూశాడు. బండిలో గేరు చప్పుడు ఆగింది. కిటికీలోంచి మా ఆయన తమ్ముడి వైపే చూస్తున్నారు.

"ఏముంటుంది వదినా," అన్నాడు మరిది. "మట్టి."

టీ తాగేసి గ్లాసు నా చేతికిచ్చి బండెక్కాడు. ఇద్దరూ కొండ దాకా చూసొస్తామని వెళ్ళారు. ఆస్పత్రి దుప్పట్లు ఇంకా ఎనిమిదున్నాయి. ఆరేసే తీగ మీద చోటు చేసుకుని ఒక్కొక్కటే దులిపి వేశాను.